ముసలమ్మ కదురు

టికెట్ కిటికీ వెనక నిన్ఫా
చిల్లర లేదని తల అడ్డంగా ఊపి
నాకు రావలసిన రెండు యూరోల బదులు
ఒక నిమ్మకాయ చేతిలో పెట్టింది.
దాన్ని జేబులో వేసుకుని
దేవుడు ఖాళీ చేసి వెళ్ళిన ఇంట్లోకి
అడుగుపెట్టాను.

సెలినుంతె.
అడవి సెలెరీ పేరు పెట్టుకున్న ఊరు.
నాణెం మీద కూడా ఆ ఆకే ముద్రించుకున్నారట.
సింహాలూ గద్దలూ దొరకనట్టు
కూరాకుని నమ్ముకున్న రాజ్యం!
వాళ్ళ మీద నాకు
అక్కడే ఇష్టం మొదలైంది.

స్తంభాలు పడిన తీరు చూడాలి.
పెళ్ళి భోజనాలయ్యాక
కడిగి బోర్లించిన గంగాళాల్లా
ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి,
ఒక్కో ముక్కా మా వంటగదంత.
సందుల్లో సోపు మొక్కలు.
తోక తెగిన బల్లి ఒకటి
అద్దె బాకీ ఉన్నవాణ్ణి చూసినట్టు
నన్ను ఎగాదిగా చూసింది.

ఆ గుట్ట నడుమ ఒక్కటే నిలబడింది.
"ఫూసు ది లా వెక్కియా" అన్నాడు బల్దస్సారె.
ముప్పైయొక్కేళ్ళ కాపలా ఉద్యోగం,
అరిగిన మోకాళ్ళు,
వచ్చే నెల పదవీ విరమణ.
ఆ మాటని నా భాషలోకి తిప్పుకుంటే
ముసలమ్మ కదురు.

"ఏ ముసలమ్మ?"
"ఎవరికి తెలుసు.
వడుకుతూ వడుకుతూ
ఎవరో పిలిస్తే లేచి వెళ్ళింది.
ఇంకా రాలేదు."

మధ్యాహ్నం తన పాత ఫియట్‌లో
రాతిగనికి తీసుకెళ్ళాడు.
ఆలివ్ తోటల మధ్య
కొండలోంచి సగం పుట్టి ఆగిపోయిన స్తంభాలు.
చుట్టూ మనిషి దూరేంత గాడి తొలిచారు.
అడుగు మాత్రం ఇంకా కొండకే అంటుకుని ఉంది,
బొడ్డు కోయని బిడ్డలా.

గాడిలోకి దిగాను.
ఉలి గాట్లు.
వేలు పెడితే సరిగ్గా ఇముడుతుంది.
ఒక వరస కుడికి వాలింది, తర్వాతిది ఎడమకి.
నొప్పెట్టి చెయ్యి మార్చుకున్నాడేమో,
ఎడమచేతి వాడెవడైనా పనిలో చేరాడేమో.
చివరి గాటు లోతు తక్కువ.
ఉలి ఆనించాడు.
సుత్తి ఎత్తాడు.
అప్పుడే ఎవరో రొప్పుతూ వచ్చి చెప్పి ఉంటారు,
కార్తేజ్ సైన్యం వచ్చేసిందని.
ఇరవైనాలుగు వందల ఏళ్ళయింది.
ఆ సుత్తి ఇంకా దిగలేదు.

బల్దస్సారె లోపలికి రాలేదు.
గట్టు మీద కూచుని
నా నిమ్మకాయ అడిగి తీసుకుని
తొక్కతో సహా కొరికాడు.
"మా అమ్మ పిండి కలిపి పెట్టింది,"
నేనేమీ అడగకుండానే.

"అరవై ఎనిమిది, జనవరి. నాకు ఆరేళ్ళు.
మొదటి కుదుపుకే వీధిలోకొచ్చేశాం.
ఆ చలిలో, రాత్రంతా.
అమ్మ ఏడవలేదు.
పిండి పొంగిపోతుంది, పిండి పొంగిపోతుంది,
ఒకటే మాట.
లోపలికి వెళ్ళబోతే
నాన్న కొంగు పట్టి లాగాడు.
తెల్లారకముందే ఇంకో కుదుపు.
వెళ్ళడానికి లోపల అనేదే లేదు."

అక్కడికి కూడా జనం చూడ్డానికి వస్తారా
అన్నాను, అని నాలుక కరుచుకున్నాను.
అతను నవ్వాడు.
"దానికి టికెట్ లేదు.
మా రాళ్ళకింకా వయసు చాలలేదు."

దారిలో కారాపి
నువ్వులద్దిన నల్లరొట్టె కొన్నాడు.
బొటనవేలితో నొక్కి చూశాడు.
పొగలు చల్లారకుండానే తుంచి
సగం నా ఒళ్ళో పడేశాడు.
వేలు కాలింది.
కిటికీలో దూరంగా కదురు,
దాని చుట్టూ కాకులు,
దాని వెనక సముద్రం,
ఎవరూ వడకని నీలం.

తిరిగొచ్చేసరికి నిన్ఫా కిటికీ మూస్తోంది.
రెండు యూరోలు లెక్కపెట్టి ఇచ్చి
నిమ్మకాయేదీ అంది.
మీ బల్దస్సారె తినేశాడన్నాను.

"అతనంతే," అంది తాళం తిప్పుతూ,
"ఏదీ రేపటికి ఉంచడు."